పంక్తియు కరుణయు: సంస్కరణ సాహిత్యమున విశ్వాసమునకును సంఘమునకును గల సంబంధము

పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున ఆంధ్రదేశమున బయలుదేరిన సంఘసంస్కరణమును గూర్చి మన విమర్శకులు విరివిగా వ్రాసియున్నారు. ఆ వ్రాతలలో తరచుగా కనబడు పద్ధతి యొకటి కలదు. మొదట సంస్కర్త యొక్క ఆశయములను పేర్కొందురు. పిమ్మట ఆయన చూపిన శాస్త్రప్రమాణములను, ప్రతిపక్షుల ఖండనములను వివరింతురు. తుదకు ఏ యేట ఏ సంస్థ పుట్టినదో చెప్పి ముగింతురు. ఈ పని అవసరమైనదే. కాని ఈ పద్ధతిలో ఒక విషయము చేజారిపోవుచున్నది. ఆశయము ఆచరణముగా మారిన నాడు ఆ యింట వంట ఎవరు చేసిరి, నీళ్ళెవరు తెచ్చిరి, పెండ్లిమంత్రము ఎవరు చెప్పిరి, విస్తరిముందు ఎవరు కూర్చుండిరి అను ప్రశ్నలు విమర్శకు చిన్నవిగా తోచి విడువబడుచున్నవి. సంస్కరణ సాహిత్యమునకు గీటురాయి ఈ చిన్న ప్రశ్నలలోనే కలదని మా అభిప్రాయము.

ఈ అభిప్రాయమును మూడు గ్రంథముల యాధారమున పరిశీలింప దలచితిమి. మొదటిది కందుకూరి వీరేశలింగము పంతులు గారి 'స్వీయచరిత్రము'. రెండవది గురజాడ అప్పారావు గారి 'కన్యాశుల్కము'. మూడవది ఉన్నవ లక్ష్మీనారాయణ గారి 'మాలపల్లి'. ఒకటి ఆత్మకథ, ఒకటి నాటకము, ఒకటి నవల. ప్రక్రియలు వేఱైనను ప్రశ్న యొక్కటే. విశ్వాసము కలవాడు కరుణతో ఒక పనికి పూనుకొన్నప్పుడు, ఆ పనివలన తన సంఘమును కోల్పోవలసివచ్చినచో, ఏ సంఘమును ఆశ్రయించి నిలుచును?

ముందుగా 'వెలి' యనుమాటకు ఆనాడు గల యర్థమును గుర్తుచేసికొనవలెను. నేటి పాఠకునకు వెలి యన నలుగురు మాటాడకపోవుట యని మాత్రమే తోచును. ఆనాటి గ్రామమునను పట్టణమునను కులసంఘము మాటలతో నడచునది కాదు, పరస్పరసేవలతో నడచునది. పుట్టినపుడు పురుడుపుణ్యములకు, పెండ్లికి, తద్దినమునకు పురోహితుడు రావలెను. మంగలి, చాకలి తమ పని చేయవలెను. బ్రాహ్మణుని యింట వంటకు బ్రాహ్మణుడే రావలెను, నీరు మోయుటకును మడి తెలిసినవాడే కావలెను. తుదకు ప్రాణము పోయిన దినమున శవమును మోయుటకు నలుగురు జ్ఞాతులు భుజమీయవలెను. వెలివేయబడుట యన ఈ సేవలన్నియు ఒక్క దినమున నిలిచిపోవుట. ఆడపిల్లలున్న యింటికి వియ్యమందువారు లేకపోవుట. తండ్రి చేసిన పనికి బిడ్డలు జీవితాంతము అప్పు తీర్చుకొనుచుండుట.

ఈ యేర్పాటును కేవలము దౌర్జన్యమని త్రోసిపుచ్చుటయు సరికాదు. అదే సంఘము ఆపదలో ఆదుకొనునది, అనాథను ఏదో యొక చూరుక్రింద ఉంచునది, కరవులో గంజి పోయునది. కావున అది కఠినమైనను మనుష్యునకు అవసరమైనది. దానిని విడిచి బ్రతుకుట యన ఇల్లు విడిచి బయలున నిలుచుటయే. వితంతువునకు ఆ సంఘము ఒక మూల చోటు చూపినది నిజము. ఆమె తల గొరిగి, ఒంటిపూట కూడు పెట్టి, శుభకార్యమునకు ఎదురురావలదని శాసించి ఆ చోటు చూపినది. ఆశ్రయమును అవమానమును ఒకే చేతితో పెట్టిన వ్యవస్థ యది. అవమానమును తొలగింపబోయినవాడు ఆశ్రయమును కూడ వేఱుగా కల్పింపవలసి యుండెను. సంస్కర్తకు ఎదురైన అసలు చిక్కు ఇదియే.

ఇక స్వీయచరిత్రమును చూతము. వీరేశలింగము గారు 1848లో రాజమహేంద్రవరమున జన్మించి 1919లో మద్రాసున పరమపదించిరి. స్వీయచరిత్రము మొదటి భాగము 1911లోను, రెండవ భాగము 1915లోను వెలువడినవి. తెలుగు వచనమున స్వీయచరిత్రకు మార్గము తీసిన గ్రంథముగా దీనిని అందఱు నంగీకరింతురు. అయినను దీనిని చదివిన కొందఱు ఒక లోపమును ఎత్తి చూపుదురు. గ్రంథకర్త తగవులను, లెక్కలను, ఎవరు వచ్చిరి ఎవరు రాలేదను వివరములను అవసరమునకు మించి వ్రాసెనని, ఆత్మపరిశీలనము కొఱవడెనని వారి యాక్షేపణము. ఈ యాక్షేపణమును మేము తిరుగవేసి చూడగోరుచున్నాము. ఆ వివరములే గ్రంథమునకు ప్రాణము. ఏలయన, ఆయన వ్రాయుచున్నది ఒక సంఘము విరిగి మఱియొక సంఘము అతుకుకొన్న కథ. అట్టి కథలో రాకపోకల లెక్కయే ఇతివృత్తము.

1874లో వీరేశలింగము గారు 'వివేకవర్ధని' పత్రికను ప్రారంభించిరి. ఆ యేడే ధవళేశ్వరమున బాలికా పాఠశాల వెలసెను. 1878లో సంఘసంస్కరణ సమాజ మేర్పడెను. 1879లో వితంతువివాహము శాస్త్రసమ్మతమని ఆయన ఉపన్యసించెను, దానిపై పండితులు ఖండనములు వ్రాసిరి, వాదప్రతివాదములు సాగెను. శాసనదృష్టిచే ఈ వివాహములకు అప్పటికే అడ్డులేదు. ఈశ్వరచంద్ర విద్యాసాగరుని కృషివలన 1856లోనే హిందూ వితంతు పునర్వివాహ శాసనము పుట్టియుండెను. అనగా వివాహము చట్టరీత్యా చెల్లును, శాస్త్రప్రమాణములు చూపబడినవి, పత్రికలో వాదము గెలిచినట్లే యున్నది. అయినను శాసనము పుట్టిన పాతికేండ్ల వఱకు గోదావరీతీరమున ఒక్క బ్రాహ్మణ వితంతువివాహమును జరుగలేదు. దీనినిబట్టి అడ్డు శాస్త్రములో లేదనియు, చట్టములో లేదనియు, పంక్తిలో కలదనియు తేలుచున్నది.

1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగము గారి యింట మొదటి వితంతువివాహము జరిగెను. వధువు గౌరమ్మ యను బాలవితంతువు, వరుడు గోగులపాటి శ్రీరాములు గారు. నాలుగు దినములకే రెండవ వివాహము జరిగెను. ఈ రెండు తేదీలను మన చరిత్రకారులు తప్పక పేర్కొందురు. కాని ఈ తేదీలకు ముందువెనుకల ఆ యింటి స్థితిని తలచినవారు తక్కువ. వంటవారు పని మానిరి. నీళ్ళు తెచ్చువారు రాలేదు. పురోహితుడు దొరకుట దుర్లభమయ్యెను. విద్యార్థులు కొందఱు ఇంటికి కాపుండి, పెండ్లిపనులు నెత్తిన వేసికొనిరి. ఊరివారి యలజడికి భయపడి రక్షకభటుల సాయము కూడ పొందవలసి వచ్చెను. ఇట్టి దినములలో రాజ్యలక్ష్మమ్మ గారు గోదావరినుండి స్వయముగా నీరు మోసికొనివచ్చి, వచ్చినవారందఱకు తానే వండి వడ్డించిరి.

ఆమె చేసిన యీ పనిని భర్తకు తోడ్పాటని చెప్పి దాటిపోవుట మన పరిశోధకులకు అలవాటైనది. మా దృష్టిలో ఆ బిందె ఒక వాదమునకంటె బలమైనది. శాస్త్రవాదమునకు ప్రతివాదము కలదు. ఒక స్మృతివాక్యమునకు మఱియొక స్మృతివాక్యము దొరకును. నీటిబిందెకు ప్రతివాదము లేదు. సంఘము తన సేవలను ఉపసంహరించుకొని యింటిని లొంగదీయ జూచెను. ఆ సేవలను ఒక్క స్త్రీ తన చేతులపై వేసికొనుటతో ఆ యాయుధము మొద్దుబారెను. బంధువులు వారించినను, తన బ్రతుకంతయు వెలిలో గడచునని యెఱిగియు ఆమె నిలిచిరి. ఆమె 1910లో మరణించునప్పటికి ఆ యిల్లు ఎందఱో వితంతువులకు పుట్టినిల్లై యుండెను.

పిమ్మట పీఠాధిపతి పేర బహిష్కార శ్రీముఖము వచ్చెను. వివాహమునకు వచ్చి భోజనము చేసినవారిలో పెక్కురు ప్రాయశ్చిత్తము చేసికొని తిరిగి సంఘమున చేరిరి. ఈ ఘట్టమున గ్రంథకర్త స్వరము పరుషముగా ఉన్నదని కొందఱందురు. ఉండవచ్చును. కాని ఆ పారుష్యము వ్యక్తిద్వేషమునుండి పుట్టినది కాదు. సభలో చప్పట్లు కొట్టినవారును, పత్రికకు ఉత్తరములు వ్రాసినవారును శ్రీముఖము అందిన మరునాడు పంచగవ్యము పుచ్చుకొనుట చూచినవానికి ఒక సత్యము తెలిసెను. అభిప్రాయమునకు సంఘము లేదు. భోజనమునకే సంఘము కలదు. ఎవరితో ఏకాభిప్రాయము కలదో వారు మన వారు కారు, ఎవరితో పంక్తి కలదో వారే మన వారు. ఈ సత్యమును సిద్ధాంతముగా ఎక్కడను ప్రకటింపక, పేర్లును లెక్కలును చెప్పుచు పాఠకుని చేతనే గ్రహింపజేయుట స్వీయచరిత్రములోని వచనరచనకు గల శక్తి.

ధనవిషయము కూడ ఇట్టిదే. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్య గారు ఈ వివాహములకు ధనసహాయము చేసిరి. వైశ్యుని ధనము బ్రాహ్మణ వితంతువుల వివాహమునకు వినియోగపడుట ఆనాటికి సామాన్యవిషయము కాదు. కులముల హద్దును కరుణ మొదట దాటినది రూపాయి రూపమున. వంటయింటి గడపను దాటుటకు ఇంకను చాల కాలము పట్టెను. ధనము వలన మఱియొక చిక్కును పుట్టెను. ధనమునకును ఉద్యోగమునకును ఆశపడి వివాహమాడ వచ్చిన వరులును గలరు. కరుణతో పెట్టిన ఖర్చు ఇంకొకని దురాశకు మేతయగుటను వీరేశలింగము గారు దాచలేదు. వెలివేయబడిన దంపతులకు బ్రతుకుతెరువు చూపనిదే పెండ్లి నిలువదు; చూపినచో పెండ్లియే బేరముగా మారు ప్రమాదము కలదు. ఈ యిరకాటమును దాచక వ్రాయుట ఆత్మపరిశీలనము కాక మఱేమి?

ఇక విశ్వాసవిషయము. వీరేశలింగము గారు యౌవనమున కేశవచంద్రసేనుని రచనలచే ప్రభావితులై, క్రమముగా విగ్రహారాధనమును విడిచి ఏకేశ్వరోపాసకులైరి. ఆయన వితంతువివాహమునకు శాస్త్రప్రమాణములు చూపిరే కాని, ఆయన హృదయమునకు ఆధారము శాస్త్రము కాదు. దయామయుడైన ఈశ్వరుడొక్కడు కలడనియు, ఆయన బిడ్డలను బాధించు ఆచారము ధర్మము కానేరదనియు నమ్మిన మనస్సు ఆయనది. సంఘముతో వాదించునపుడు సంఘము భాషలో వాదించిరి. తాను నిలుచునపుడు తన విశ్వాసముపై నిలిచిరి. ఈ రెండు భాషల మధ్య గల దూరమును గుర్తింపనిచో ఆయన రచనలలో పరస్పరవిరుద్ధత కలదని పొరపడుదుము.

విశ్వాసము ఆయనకు మఱియొక సాయమును చేసెను. అది ఒక క్రొత్త పంక్తిని ఇచ్చెను. ప్రార్థనసమాజమును ఉపాసనకొఱకై చేరిన కొలదిమంది కూటమిగా మనము చూచుచున్నాము. నిజమునకు అది వెలివేయబడినవారికి బంధువర్గము. అక్కడ కలిసి ప్రార్థించుటతో పాటు కలిసి భుజించుటయు సాధ్యమయ్యెను. కష్టము వచ్చినపుడు పలకరించువారు, చావు వచ్చినపుడు భుజమిచ్చువారు అక్కడ దొరకిరి. విశ్వాసము లేని కరుణ మొదటి పెండ్లి చేయగలదు. నలువది పెండ్లిండ్ల వఱకు నిలువలేదు. దాదాపు అన్ని వివాహములను వీరేశలింగము గారు తమ జీవితకాలమున జరిపించిరి. 1906లో హితకారిణీ సమాజమును స్థాపించి తమ యావదాస్తిని దానికి ధారవోసిరి. సంతానము లేని ఆ దంపతులకు ఆ సమాజమే వంశమయ్యెను. ఆస్తి దానముచేయుట ఔదార్యము. కాని వెలివేయబడినవారికి శాశ్వతమైన చూరు నొకటి నిర్మించుట ఔదార్యమునకు మించినది.

అయినను ఈ సంస్కరణమునకు గల హద్దులను విమర్శకుడు చెప్పక తప్పదు. మొదటిది, వితంతుసమస్య ప్రధానముగా అగ్రవర్ణముల సమస్య. మారుమనువు ఆచారముగా గల కులములు ఆంధ్రదేశమున ఎన్నియో కలవు. ఆ కులముల స్త్రీలకు వేఱు కష్టములుండెను. వారి కష్టములు స్వీయచరిత్రములోని పంక్తికి ఇంకను చేరలేదు. రెండవది, ఎవరికొఱకు ఇంత పోరాటము జరిగెనో ఆ వితంతువుల కంఠస్వరము ఆ గ్రంథమున మనకు చాల తక్కువగా వినబడును. గౌరమ్మ పేరు అందఱకు తెలియును. ఆ రాత్రి ఆమె మనస్సులో ఏ భయ మున్నదో, ఏ ఆశ యున్నదో ఎవరికిని తెలియదు. కరుణ పాత్రకు అన్నము పెట్టినది కాని మాట పెట్టలేదు. ఈ లోపము వీరేశలింగము గారి యొక్కరిది కాదు, ఆ యుగమంతటిది. దానిని పూరించుటకు ఆత్మకథ చాలదు, నాటకము కావలసెను.

ఆ నాటకము కన్యాశుల్కము. దాని మొదటి కూర్పు 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి, 1897లో అచ్చయ్యెను. సంపూర్ణముగా మార్చి వ్రాసిన కూర్పు 1909లో వెలువడెను. మొదటి కూర్పు పీఠికలో అప్పారావు గారు విశాఖపట్టణ మండలమున మూడేండ్లలో జరిగిన శుల్కవివాహముల లెక్క నిచ్చిరి. మొత్తము 1,034 వివాహములు. వధువులలో అయిదేండ్లవారు 99 మంది, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఈ లెక్కను చదివినవాడు నాటకమును కేవలము హాస్యముగా చదువజాలడు. అగ్నిహోత్రావధానులు సుబ్బిని ముసలివాడైన లుబ్ధావధానులకు అమ్మజూపగా తల్లి వెంకమ్మ నూతిలో పడిన ఘట్టము వెనుక ఆ సంఖ్య లున్నవి.

గిరీశము పాత్రను మన ప్రశ్న దృష్టితో చూచిన చాల స్పష్టమగును. వితంతువివాహమునకు అనుకూలమైన వాదము లన్నియు గిరీశమునకు కంఠస్థములు. అవి అబద్ధములు కావు. వీరేశలింగము గారి వేదికనుండి విన్నట్టివే. కాని ఆ వాదములు అతని నోటినుండి వచ్చునపుడు బుచ్చమ్మను వలలో వేయు సాధనములగుచున్నవి. వాదము ఎవరి చేతికైనను అందును; అది సజ్జనునకును దుర్జనునకును సమానముగా పనికివచ్చును. అప్పారావు గారి తీక్ష్ణదృష్టి ఇచ్చట కలదు. ఆయన సంస్కరణమును వెక్కిరింపలేదు, సంస్కరణమునందు అనుకరింప శక్యమైనదేదో అశక్యమైనదేదో వేఱుచేసి చూపిరి. ఉపన్యాసమును గిరీశము అనుకరింపగలడు. రాజ్యలక్ష్మమ్మ గారి బిందెను అనుకరింపలేడు.

గిరీశము ఎవరి కూడు తినుచుండెనో చూడుడు. పూటకూళ్ళమ్మ వితంతువు. ఏ సంస్కర్త సాయమును లేక, తన చేతి వంటతో పదిమందికి అన్నము పెట్టి బ్రతుకుచున్నది. గిరీశ మామె యన్నము తిని, ఆమె సొమ్ము కాజేసి, వితంతూద్ధరణమును గూర్చి మాటాడును. ఆమె చీపురు పట్టుకొని అతనికై వచ్చిన రంగమున ప్రేక్షకుడు నవ్వును. నవ్వు ఆగిన పిమ్మట తోచు విషయ మేమన, ఆ నాటకమున వితంతువు తనకు జరిగిన అన్యాయమునకు తానే సమాధానము చెప్పబూనిన ఘట్టమది. స్వీయచరిత్రమున వినరాని కంఠము ఇచ్చట చీపురుతో వినవచ్చెను.

సౌజన్యారావు పంతులు పాత్ర ఇంకను సూక్ష్మమైనది. ఆయన నిజాయితీ శంకింపరానిది. వేశ్యాజనమును తాకరాదను నియమము గలవాడు. మధురవాణి ఆయన యింటికి వచ్చుట, తన్ను తాను బయలుపఱచుకొనుట, ఆయన సంకోచించుట అను వరుసలో కరుణకును అంటునకును గల విరోధమంతయు ఇమిడియున్నది. దూరమున నిలిచి ఉద్ధరింపగోరు కరుణ, వెలివేసిన సంఘము యొక్క అంటును తనలోనే దాచుకొన్న కరుణ. అందఱి చిక్కుముడులను విప్పినది మధురవాణి. ఆమెకు మాత్రము పంక్తిలో చోటు లేదు. సౌజన్యారావు ఏర్పాటుచేత బుచ్చమ్మ పూనాలోని శరణాలయమునకు పోవలసి వచ్చెను. ఆమెకు చదువును, స్వయముగా ఆలోచించుకొను గడువును లభించును. ఇది మేలే. కాని ఆంధ్రదేశమున ఆ గడువు నీయగల చూరు నాటకకర్తకు కానరాక, పూనావైపు చూడవలసివచ్చుట పాఠకుడు గమనింపదగినది.

వంటయింటినుండి ఊరిబయటకు ఈ ప్రశ్నను తీసికొనిపోయిన గ్రంథము మాలపల్లి. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు వీరేశలింగము గారి మార్గమున గుంటూరు ప్రాంతమున వితంతువివాహములకు కృషిచేసినవారు. 1922లో గుంటూరున స్త్రీవిద్యకై శారదానికేతనమును నెలకొల్పినవారు. అదే యేట మాలపల్లి వెలువడెను. కొలది కాలమునకే మద్రాసు ప్రభుత్వము దానిని నిషేధించెను. కావున ఈ నవల సంస్కరణోద్యమమునకు పరాయివాడు వ్రాసినది కాదు. ఆ పంక్తిలో కూర్చుండినవాడే, ఆ పంక్తికి ఇంకను చోటు చాలలేదని గ్రహించి వ్రాసినది.

మాలపల్లిలో రామదాసు పరమభక్తుడు. అతని భక్తి అరువు తెచ్చుకొన్నది కాదు. తరతరముల వైష్ణవ సంప్రదాయము మాలవాడలో పండించిన జ్ఞానము. స్వీయచరిత్రమున విశ్వాసము వెలివేయబడిన విద్యావంతునకు ఆశ్రయము. మాలపల్లిలో విశ్వాసము పుట్టుకతోనే వెలిలో నున్నవాని ఆత్మగౌరవము. ఈ భేదము చాల ముఖ్యమైనది. వీరేశలింగము గారికి వెలి ఒక దినమున వచ్చినది; ప్రాయశ్చిత్తము చేసికొన్నచో తొలగును. రామదాసునకు ప్రాయశ్చిత్తమును లేదు. అతడు చేసిన తప్పును లేదు. ప్రాయశ్చిత్తము చేసికొనవలసినది వెలివేసిన సంఘమే యని నవల యంతయు చెప్పుచున్నది.

రామదాసు కుమారుడు సంగదాసు చౌదరయ్య యింట పని చేయువాడు. చౌదరయ్య కుమారుడు రామానాయుడునకు స్నేహితుడు. కూలివారి పక్షమున నిలిచినందున చౌదరయ్య చేతి దెబ్బకు ప్రాణములు విడిచెను. ఇచ్చట కరుణ స్వరూపము మాఱినది. పై నుండి క్రిందికి వంగు కరుణ కాదిది. ప్రక్కప్రక్కన నిలిచినవారి మధ్య పుట్టిన మైత్రి. అన్నము పెట్టుట యొక్కటే చాలదు, అన్నము పండించినవాని కొలత సరిగా కొలువవలెను అను న్యాయము ఈ మైత్రినుండి పుట్టినది. కుమారుని పోగొట్టుకొన్న రామదాసు పగకు లోబడలేదు. అతని శాంతమును కొందఱు విమర్శకులు నిష్క్రియత్వమని నిందించిరి. మా తలపు వేఱు. నవలలో వేంకటదాసు తిరుగుబాటు మార్గము త్రొక్కినవాడు. గ్రంథకర్త అతనిని ప్రేమతోనే చిత్రించెను. రెండు మార్గములను ప్రక్కప్రక్కన పెట్టి, ఒకదానిచే రెండవదానిని ఖండింపక విడిచెను. విశ్వాసము బాధితుని ఓదార్చవలెనా, కదలింపవలెనా అను ప్రశ్నకు సులువైన యుత్తరము లేదని ఎఱిగిన రచయిత చేయదగిన పని అదియే.

ఇట్లు మూడు గ్రంథములను వరుసగా చదివినచో ఒక పరిణామము గోచరించును. స్వీయచరిత్రమున కరుణ తన పంక్తిని పోగొట్టుకొని క్రొత్త పంక్తిని వేసికొనెను. కన్యాశుల్కమున ఆ క్రొత్త పంక్తిలో ఎవరు దొంగగా కూర్చుండిరో, ఎవరిని కూర్చుండనీయలేదో తెలియవచ్చెను. మాలపల్లిలో పంక్తిబయట తరతరములుగా నిలిచినవారే పంక్తియొక్క ధర్మమును ప్రశ్నించిరి. ఒక దానిలోపమును మఱియొకటి చూపుచున్నది. ఏ యొక్కటియు తక్కినవాటిని రద్దుచేయుట లేదు. వీరేశలింగము గారి హద్దులు చూపి ఆయనను తక్కువచేయువారు, ఆ హద్దులను మనకు చూపిన దృష్టి ఆయన వేసిన పంక్తిలోనే మొదట మేల్కొన్నదని మఱచుచున్నారు.

ఇట నొక యాక్షేపణ రావచ్చును. సాహిత్యమును విస్తళ్ళతోను బిందెలతోను తూచుట సాహిత్యవిమర్శ యగునా, రసము, శిల్పము, పాత్రపోషణము ఏమైనవి అని కొందఱడుగుదురు. ఈ యాక్షేపణమునకు బలము లేకపోలేదు. కాని సంస్కరణ సాహిత్యమున శిల్పము ఈ వస్తువులనుండి వేఱుగా లేదు. స్వీయచరిత్రములోని నిరాడంబర వచనము పేర్లు, లెక్కలు, తేదీలు మోయుటకై పుట్టిన వచనము. గ్రాంథికపు బరువును కొంత దింపుకొనక అది ఆ పని చేయలేదు. కన్యాశుల్కములోని వ్యావహారికము పూటకూళ్ళమ్మకు మాట నిచ్చుటకై పుట్టినది. మాలపల్లిలోని పల్లె పలుకుబడి మాలవాడ వేదాంతమును మాలవాడ నోటనే పలికించుటకై వచ్చినది. పంక్తి పెరిగిన కొలది భాషయు పెరిగెను. గత శతాబ్ది తొలిపాదమున జరిగిన వ్యావహారిక భాషావాదమును వ్యాకరణసమస్యగా మాత్రమే బోధించు ఉపాధ్యాయులు దీనిని ఆలోచింపవలెను. ఎవరి మాట గ్రంథమునకు ఎక్కవచ్చును అను ప్రశ్నయు ఎవరు పంక్తికి రావచ్చును అను ప్రశ్నయు ఒకే కాలమున, ఒకే మనుష్యుల మధ్య లేచినవి.

పరిశోధక విద్యార్థులకు ఈ దిశలో చేయదగిన పని మిక్కిలిగా కలదు. సంస్కర్తల యుపన్యాసములు సంపుటములుగా వచ్చినవి. వారి యిండ్లలోని స్త్రీల శ్రమను గూర్చి విడివిడి వాక్యములు మాత్రమే ఆత్మకథలలోను, పత్రికలలోను చెదరియున్నవి. వానిని ఏర్చి కూర్చవలెను. పునర్వివాహిత దంపతుల బిడ్డలు ఏ పంక్తిలో పెరిగిరి, వారికి వియ్యమెవరిచ్చిరి అను విషయము సాహిత్యమున ఎట్లు ప్రతిఫలించెనో పరిశీలింపవలెను. రఘుపతి వేంకటరత్నము నాయుడు గారు కాకినాడలో అనాథలకును అస్పృశ్యులనబడిన బాలురకును చూపిన ఆదరమును, చిలకమర్తి లక్ష్మీనరసింహము గారి సంస్కరణ కృషిని ఈ దృష్టితో చదివినచో స్వీయచరిత్రమునకును మాలపల్లికిని నడుమ గల మెట్లు తెలియగలవు.

నేటికిని సంఘము మాఱుచునే యున్నది. ఊళ్ళు విడిచి పట్టణములకు పోయినవారికి పూర్వపు వెలి లేదు, పూర్వపు ఆదరువును లేదు. కులమునకు వెలియైన వివాహములు చేసికొన్నవారికి చట్టము అండగా ఉన్నను, తలుపు తెఱచి లోనికి రమ్మను ఇల్లు కఱవైన సందర్భములు ఇంకను వినవచ్చుచునే యున్నవి. ప్రాణములకే ముప్పు వాటిల్లిన సందర్భములును కలవు. 1856 నాటి శాసనమునకును 1881 నాటి పెండ్లికిని నడుమ గడచిన ఇరువదియైదేండ్లు మనకు నేర్పిన పాఠము ఇదియే. న్యాయము పుస్తకమున చేరుటకును, పంక్తికి చేరుటకును మధ్య ఎవరో యొకరు నీరు మోయవలసి యుండును. ఆ మోసినవారి పేర్లు మన సాహిత్యచరిత్రలో చేరినపుడే సంస్కరణయుగ చరిత్ర సమగ్రమగును.